విమర్శ సిద్ధాంతం కోసం విదేశీ ప్రత్యామ్నాయ విద్యాలయంలో చేరడం: హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నవారికి ఇది తగిన దారేనా?

ప్రశ్న: నల్లకుంట పాఠకురాలు

నమస్కారం. నాకు ముప్పై మూడేళ్లు. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, తొమ్మిదేళ్లుగా నగరంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. వారానికి ఇరవై రెండు పీరియడ్లు ఉంటాయి. వాటిలో సగానికి పైగా కమ్యూనికేషన్ స్కిల్స్‌కే పోతాయి. ఎం.ఏ.లో మాకు విమర్శ సిద్ధాంతం (క్రిటికల్ థియరీ, అంటే సమాజాన్నీ సంస్కృతినీ ప్రశ్నించి చూసే తాత్త్విక ఆలోచన) ఒక పేపరుగా ఉండేది. హోర్క్‌హైమర్ నుంచి డెరిడా దాకా ఒక్కొక్కరికి రెండు పేజీల నోట్సు, ఆ నోట్సుకు జిరాక్సు, ఆ జిరాక్సుకు మరో జిరాక్సు. మూలగ్రంథం ఒక్కటి కూడా చేతపట్టకుండానే ఆ పేపరులో నాకు అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఆ మార్కులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రెండేళ్లుగా ఆ పుస్తకాలనే ఒక్కొక్కటిగా, ఒంటరిగా చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, ఎవరికైనా చెప్పబోతే ఒక్క వాక్యం కూడా నిలబడదు. ఈ స్థితిలో నా దృష్టి యూరోపియన్ గ్రాడ్యుయేట్ స్కూలు మీద పడింది. అది 1994లో స్విట్జర్లాండులోని సాస్-ఫే అనే కొండ ఊళ్లో మొదలైంది, మాల్టా రాజధాని వలెట్టాలోనూ నడుస్తోంది. ఒకప్పుడు ఫ్రెంచి తత్త్వవేత్తలు డెరిడా, బోద్రియార్ అక్కడ పాఠాలు చెప్పారు. అగాంబెన్, బాద్యూ, జిజెక్, జుడిత్ బట్లర్ వంటి నేటి తత్త్వవేత్తల పేర్లు కూడా అధ్యాపకుల జాబితాలో కనిపించాయి. ఏడాది పొడవునా అక్కడే ఉండనక్కరలేదు, కొన్ని వారాలు వెళ్లి తరగతుల్లో కూర్చుని, మిగిలిన కాలమంతా ఇంటి నుంచే చదువుకుని రాయవచ్చు. ఉద్యోగం మానలేని నాబోటివారికి ఈ పద్ధతే ఆశ పుట్టిస్తోంది.

నా సందేహం ఒకటే అయినా అందులో రెండు మూడు ముడులున్నాయి. ఇలాంటి విద్యాలయం ఇచ్చే పట్టాకు ఇక్కడి కళాశాలల్లో విలువ ఉంటుందా? పట్టా మాట పక్కన పెట్టినా, కొన్ని వారాల సహవాసంతో నాకున్న ఈ లోటు తీరుతుందా? లేక అంత ఖర్చు పెట్టకుండా హైదరాబాదులోనే ఈ చదువు చదివే మార్గం ఏదైనా ఉందా? మా వారు "ఇంటి అప్పు ఇంకా ఆరేళ్లుంది" అని ఒక్కమాట అని ఊరుకున్నారు. వాదించి ఉంటే నేనూ వాదించేదాన్ని.


జవాబు: పాత మాస్టారు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయంలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. సెలక్షన్ కమిటీలలో ఎన్నోసార్లు కూర్చున్నాను కాబట్టి మీ ప్రశ్నలోని మొదటి ముడి గురించి మాత్రమే రాస్తాను. తక్కినవి నాకంటె చిన్నవారు బాగా చెబుతారు.

ఒక విద్యాసంస్థకు దాని సొంత దేశంలో లైసెన్సు ఉండటం వేరు, ఆ పట్టాను మన దేశంలో ఉద్యోగానికి అర్హతగా లెక్కించడం వేరు. మీరు పేరు చెప్పిన సంస్థకు మాల్టాలో ఉన్నత విద్యాసంస్థగా లైసెన్సు వచ్చింది. అంతమాత్రాన ఇక్కడి దరఖాస్తు ఫారంలో ఆ పట్టాను నింపే గడి దొరుకుతుందని అనుకోకండి. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, విదేశీ పీహెచ్‌డీతో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత రావాలంటే, ఆ విశ్వవిద్యాలయం మూడు ప్రసిద్ధ ప్రపంచ ర్యాంకింగులలో ఏదో ఒకదానిలో మొదటి 500 స్థానాల్లో ఉండాలి. కేవలం తత్త్వశాస్త్రం, కళలు బోధించే చిన్న విద్యాలయం ఎంత గొప్పదైనా అలాంటి జాబితాల్లోకి ఎక్కదు, ఎందుకంటే ఆ ర్యాంకింగులు కొలిచేది పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల పరిమాణాన్నీ పరిశోధన పత్రాల రాశినీ. 2025లో విదేశీ అర్హతలకు సమానత్వ ధ్రువపత్రం ఇచ్చే కొత్త పద్ధతిని యూజీసీ నోటిఫై చేసింది. అందులోనూ చదువు తరగతి గదిలో ప్రత్యక్షంగా సాగి ఉండాలన్న షరతు ఒకటి ఉంది. ఇంటి నుంచి చదివే భాగం ఎక్కువగా ఉన్న కోర్సుకు అక్కడే గండి పడుతుంది. ఇక మన దేశంలోనైతే 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో పీహెచ్‌డీని పూర్తిగా కాదన్నాయి, ఎంఫిల్‌ను ఎత్తివేశాయి.

ఇంతకంటె మీకు ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు గానీ జేఆర్‌ఎఫ్‌కు (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు) ఉంది. అది ముప్పై ఏళ్లే అయినా మహిళలకు ఐదేళ్ల సడలింపు ఇస్తారు. అంటే మీ చేతిలో ఇంకా రెండేళ్లున్నాయి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం దానికి అదనం. ఇంగ్లీషులోనే రాయాలని కూడా లేదు, తులనాత్మక సాహిత్యం కూడా నెట్‌లో ఒక సబ్జెక్టుగా ఉంది, సిద్ధాంతం మీద ఇష్టం ఉన్నవారికి అది బాగా నప్పుతుంది. ఇక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ పేరుతో ఒక కేంద్రమే ఉంది. విదేశానికి వెళ్లాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు, వయసు గడువు మాత్రం ఆగదు.


జవాబు: ఒకసారి వెళ్లి వచ్చినవాడు

మేడమ్ గారూ, పట్టా సంగతి మాస్టారు గారు తేల్చేశారు కాబట్టి నేను చదువు సంగతి రాస్తాను. ఇలాంటి విద్యాలయాల్లో ఒకదానిలో నేను రెండు వేసవులు గడిపాను. దాని మీద నాకు కొంత ఫిర్యాదు ఉంది కాబట్టి పేరు చెప్పడం మర్యాద కాదు. అప్పటికి నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగిని, చదివింది బీటెక్. అక్కడ ఆ మాట ఎవరూ అడగలేదు. నా పక్కన ఒక వైపు భవనాలు కట్టే ఆర్కిటెక్టు, మరో వైపు వీడియో కళాకారిణి కూర్చునేవారు, ఎదుట కూర్చున్న మనిషి ఆసుపత్రిలో నర్సు. మన దగ్గర ఇంటర్మీడియట్‌లో తీసుకున్న గ్రూపు మనిషి నుదుట చెరగని రాతగా మిగిలిపోతుంది. డిగ్రీ ఏదైనా సరే, రాసిన వ్యాసం చూసి లోపలికి రానిచ్చే చోటు ఒకటి ఉందని తెలియడమే నాకు అప్పట్లో పెద్ద విడుదల.

మూడు వారాల దినచర్య ఇలా ఉండేది. ఉదయం మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు తరగతి, రాత్రి భోజనమయ్యాక అందరికీ కలిపి ఒక ఉపన్యాసం. ఒక్కో అధ్యాపకుడు మూడు రోజులు ఉండి వెళ్లిపోతారు. వారిలో ఒకాయన మూడు రోజుల్లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ రాసిన నాలుగు పేజీలు తప్ప ఇంకేమీ చదివించలేదు, ప్రతి వాక్యం దగ్గరా మమ్మల్ని ఆపి, "ఇక్కడ 'కానీ' అన్న మాట ఎందుకు వచ్చింది?" అని అడిగేవారు. చదవడం అంటే అదని నాకు ముప్పై ఒకటో ఏట తెలిసింది. మరో ప్రసిద్ధుడు మాత్రం తన కొత్త పుస్తకంలోని అధ్యాయాలనే మూడు రోజులూ చదివి వినిపించి, ప్రశ్నలకు సమయం లేదని చెప్పి రైలెక్కారు. అది ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో విన్నా సరిపోయేది.

అసలు కష్టం తిరిగి వచ్చాక మొదలైంది. మిగిలిన నలభై తొమ్మిది వారాలూ మీరూ, మీ గదీ, మీ ల్యాప్‌టాపూ. గైడు మంచివారే, అయితే నేను ఏడాదిలో పంపిన మూడు ముసాయిదాలకూ కలిపి వచ్చిన జవాబు ఒకటిన్నర పేజీ. అక్కడ స్నేహితులైనవారు రెండు నెలల పాటు ఉత్తరాలు రాశారు, తరువాత ఎవరి ఊళ్లో వారు తమ బతుకుల్లో పడిపోయారు. విశ్వవిద్యాలయంలో క్యాంటీను దగ్గర, లైబ్రరీ మెట్ల మీద, హాస్టలు కారిడారులో జరిగే సగం చదువు ఈ పద్ధతిలో ఉండదు. మీరు ఇప్పటికే ఒంటరిగా చదువుతున్నాను అన్నారు కదా. ఆ ఒంటరితనాన్ని ఈ విద్యాలయం మూడు వారాలు పోగొట్టి, మళ్లీ మీకే అప్పగిస్తుంది. నేను థీసిస్ పూర్తి చేయలేదు. తప్పు వారిదెంతో నాదెంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఖర్చు విషయానికి వస్తే, ఫీజు ఒక్కటే లెక్క వేసుకుని బయలుదేరవద్దు. వీసా, విమానం టికెట్టు, గది అద్దె కలిపితే రెండో ఫీజు కట్టినట్టే. యూరప్‌లోని కొండ ఊళ్లలో మధ్యాహ్న భోజనం ధర చూసి, నేను రెండో రోజు నుంచే అటుకులు, ఆవకాయలతో సరిపెట్టుకున్నాను. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఆవకాయ జాడీ చుట్టూ చేరిన నలుగురితో జరిగిన మాటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.


జవాబు: సుల్తాన్‌బజార్ లైబ్రరీ

మాస్టారు గారి లెక్క సరైనదే కానీ, గుర్తింపు లేని చదువు చదువే కాదన్నట్టు ఎవరైనా అర్థం చేసుకుంటారేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు, సర్కారు కొలువుల కోసం కాని చదువు ఒకటి ఉండాలన్నదే వారి సంకల్పం. అక్కడ ప్రమోద్ కుమార్ చటర్జీ గారి దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నవారిలో అడవి బాపిరాజు గారు ఒకరు. సర్టిఫికెట్టు బలం మీద ఆయనను ఇవాళ ఎవరూ తలుచుకోవడం లేదు కదా.

పారిస్‌లో 1983లో డెరిడా మొదలైనవారు స్థాపించిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర కళాశాల ఇంకో అడుగు ముందుకు వేసింది. అది అసలు పట్టాలే ఇవ్వదు. సెమినార్లకు ఫీజు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. న్యూయార్కులో బ్రూక్లిన్ సామాజిక పరిశోధన సంస్థవారు వారానికొక సాయంత్రం మూడు గంటల చొప్పున నాలుగు వారాల పాటు తరగతులు నడుపుతారు, మొదట్లో అవి ఒక బారు వెనక గదిలో జరిగేవి. పట్టా ఇచ్చే ప్రత్యామ్నాయ విద్యాలయం, పట్టా ఇవ్వని ప్రత్యామ్నాయ విద్యాలయం అని రెండు రకాలున్నాయి. మొదటి రకం విశ్వవిద్యాలయంతో పోటీ పడుతుంది కాబట్టి ఫీజు తీసుకుంటుంది, గుర్తింపు కోసం తిరుగుతుంది. పాఠకురాలు గారికి కావలసింది రెండో రకమని నాకు అనిపిస్తోంది. దానికి పాస్‌పోర్టుతో పని లేదు.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం ఒకటి గట్టిగానే జరిగింది. 1990ల చివరలో బెంగళూరులో పని మొదలుపెట్టిన సంస్కృతి, సమాజ అధ్యయన కేంద్రం విశ్వవిద్యాలయానికి బయటే ఉండి పీహెచ్‌డీ పరిశోధకులను తయారుచేసింది, పట్టా మాత్రం వేరే విశ్వవిద్యాలయం పేరుతో వచ్చేది. దాని స్థాపకుల్లో ఒకరైన తేజస్విని నిరంజన గారు అంతకు ముందు మన కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఇంగ్లీషు బోధించారు. ఆ కేంద్రంలో బోధన తరువాత ఆగిపోయింది. ఇలాంటి సంస్థలను పదేళ్లు నడపడమే కష్టం, ఇరవై ఏళ్లు నడపడం ఇంకా కష్టం.


జవాబు: ఆదివారం చదువు

పాఠకురాలు గారూ, ఈ నగరంలోనే మార్గం ఉందా అని మీరు అడిగిన మూడో ముడి నాకు దగ్గరిది. బాగ్‌లింగంపల్లిలో మేము తొమ్మిది మంది నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం కలిసి చదువుతున్నాం. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక నర్సింగ్ విద్యార్థిని, కోర్టులో గుమాస్తాగా పని చేసే ఒకాయన, తక్కినవారు పరిశోధక విద్యార్థులు. మాకు ఒక్కటే నియమం. పాఠం ఏ భాషలో ఉన్నా, చర్చ తెలుగులోనే జరగాలి. ఈ నియమం పెట్టుకున్నాక మా వేగం దారుణంగా పడిపోయింది. అరవై పేజీల వ్యాసానికి నాలుగు నెలలు పట్టింది. కానీ మీరు చెప్పిన జబ్బు, అదే చదువుతుంటే అర్థమైనట్టుండి చెప్పబోతే వాక్యం నిలబడకపోవడం, మాకు కుదిరింది ఈ నియమం వల్లనే.

ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. సాహిత్య సిద్ధాంతకర్త గాయత్రి స్పివాక్ 1988లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసం 'కెన్ ది సబాల్టర్న్ స్పీక్?'లో 'రిప్రజెంటేషన్' అనే ఇంగ్లీషు మాటను పట్టుకుని చాలా దూరం వెళతారు. ఒకరి తరఫున నిలబడి మాట్లాడటాన్నీ, ఒకరిని బొమ్మకట్టి చూపించడాన్నీ ఇంగ్లీషు ఒకే మాటలో కలిపేస్తుందనీ, మార్క్స్ జర్మన్‌లో వాటికి వేర్వేరు మాటలు వాడాడనీ, ఆ తేడాను ఫ్రెంచి తత్త్వవేత్తలు ఫూకో, డెల్యూజ్ తమ సంభాషణలో చెరిపేశారనీ ఆవిడ వాదన. ఇంగ్లీషులో చదివినంత కాలం ఈ భాగం మాకు కొరకరాని కొయ్యగానే ఉండేది. తెలుగులో చెప్పుకోబోయేసరికి ఎవరో "ఒకటి ప్రాతినిధ్యం, ఇంకొకటి చిత్రణ, ఇందులో కలిసిపోవడానికి ఏముంది?" అన్నారు. ఇంగ్లీషు పాఠకుడికి పది పేజీలు వివరించవలసిన తేడా మన భాషలో ముందే ఉంది. శాసనసభలో దళిత ప్రాతినిధ్యం అంటాం, కథలో దళిత స్త్రీ చిత్రణ అంటాం, రెంటినీ ఎవరూ తారుమారు చేయరు.

ప్రతిచోటా ఇంత సుఖంగా జరుగుతుందని అనుకోకండి. ఇటలీ మార్క్సిస్టు గ్రాంషీ దగ్గర బోల్తా పడ్డాం. ఆయన 'హెజిమొని' అన్నదాన్ని తెలుగులో ఆధిపత్యం అనే రాస్తున్నారు, కానీ ఆధిపత్యం అన్నప్పుడు మన కంటికి కర్ర పట్టుకున్న దొర కనిపిస్తాడు. కర్ర లేకుండా, కిందివారి ఒప్పుదలతోనే నడిచే పెత్తనం కనిపించదు. ఆరు వారాలు వెతికి, చివరికి సందర్భాన్ని బట్టి 'ఒప్పుదల పెత్తనం' అని వాడుకుంటున్నాం. అది అందంగా లేదని మాకూ తెలుసు. ఇంకా తమాషా 'అస్తిత్వం' దగ్గర ఉంది. ఒక తరం సాహిత్య విమర్శకులు ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ మార్గాన్ని అస్తిత్వవాదం అన్నారు. తరువాతి తరం స్త్రీ, దళిత, ముస్లిం, ప్రాంతీయ ఉద్యమాలను అస్తిత్వ ఉద్యమాలు అంది. ఒకే మాట కింద ఒంటరి మనిషి ఆవేదనా, సమూహం గుర్తింపు కోసం చేసే పోరాటమూ చేరిపోయి, ఎం.ఏ. విద్యార్థులు రెంటినీ కలిపి జవాబులు రాస్తున్నారు. అసలు 'విమర్శ' అన్న మాటే చూడండి, విమర్శ సిద్ధాంతం అనగానే మన విద్యార్థి కావ్యాల గుణదోషాలు చెప్పే శాస్త్రం అనుకుంటాడు. 1937లో హోర్క్‌హైమర్ ఆ పేరు పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది సమాజం, కావ్యం కాదు.

ఈ పని మేము కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడినప్పుడు, దానికి ఒక ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి తత్త్వశాస్త్రం దగ్గర నుంచి విజ్ఞానశాస్త్రాల దాకా పారిభాషిక పదాలు తయారు చేయించారు. 1985లో ఏర్పడిన అన్వేషి స్త్రీవాద పరిశోధన కేంద్రంవారు, స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చినప్పుడు, శరీరం గురించి తెలుగులో సిగ్గుపడకుండా, వైద్యుల భాషకు లొంగకుండా మాట్లాడే పద్ధతి ఒకటి తయారైంది. మా బృందంలో దాన్ని మేము సిద్ధాంత గ్రంథంగానే చదివాం. నర్సింగ్ విద్యార్థిని చెప్పిన సంగతుల ముందు మా పరిశోధక విద్యార్థుల పరిజ్ఞానం ఆ రోజు వెలవెలబోయింది.


పాఠకురాలు గారి తిరుగు జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, జేఆర్‌ఎఫ్ వయసు సడలింపు సంగతి నాకు నిజంగా తెలియదు. ముప్పై దాటగానే ఆ తలుపు మూసుకుపోయిందనుకుని మూడేళ్లు వృథా చేశాను. ఈసారి నోటిఫికేషను రాగానే దరఖాస్తు చేస్తాను, తులనాత్మక సాహిత్యం సిలబస్ ఈ ఉదయమే తీసి చూశాను. విదేశీ విద్యాలయం ఆశ పూర్తిగా వదులుకున్నానని మాత్రం చెప్పలేను. కాంట్ నాలుగు పేజీలు మూడు రోజులు చదివించిన ఆ అధ్యాపకుడి సంగతి చదివినప్పటి నుంచి ఆ ఆశ తగ్గకపోగా పెరిగింది.

ఆదివారం చదువు గారూ, మీ బృందంలోకి కొత్తవారిని రానిస్తారా? నాకు ఒక సంకోచం ఉంది. నేను పుట్టి పెరిగింది తెలుగులోనే అయినా, ఈ విషయాల గురించి ఒక్క పేరా కూడా తెలుగులో రాసిన అనుభవం లేదు. నోరు తెరిస్తే క్రియాపదం ఒక్కటే తెలుగులో వస్తుంది.


జవాబు: పాత మాస్టారు

అమ్మా, చాలా సంతోషం. ఒక్క జాగ్రత్త చెబుతాను. నెట్‌కు చదివే చదువు మళ్లీ జిరాక్సు నోట్సు చదువే. అందులో ఫూకో నాలుగు ఆప్షన్లలో ఒకటిగా వస్తాడు. ఆ పరీక్షను పరీక్షలాగే రాయండి, దానితో మీ సిగ్గు తీరుతుందని ఆశపడకండి. మరో మాట, జేఆర్‌ఎఫ్‌తో పూర్తికాలపు పరిశోధనలో చేరితే కళాశాల ఉద్యోగం మానుకోవాలి. మీ వారితో ఆ లెక్క ముందే కూర్చుని మాట్లాడుకోండి.

హెజిమొనికి 'ఒప్పుదల పెత్తనం' అన్నది నాకు నచ్చలేదు. పెత్తనం అన్నా చివరికి కర్రే కనిపిస్తోంది. మరేం పెట్టాలి అంటే నా దగ్గరా మాట లేదు.


జవాబు: ఆదివారం చదువు

మాస్టారు గారూ, మాట దొరికిన రోజున దయచేసి మాకు చెప్పండి, మేము దాన్ని వెంటనే వాడుకలో పెడతాం.

పాఠకురాలు గారూ, తప్పకుండా రండి. మొదటి ఆరు నెలలు మా అందరి పరిస్థితీ ఆ క్రియాపదం దగ్గరే ఆగింది. వచ్చే ఆదివారం పది గంటలకు స్పివాక్ వ్యాసంలో ఇందాక చెప్పిన భాగాన్నే కొత్తవారి కోసం మళ్లీ చదవబోతున్నాం. ఫ్రాన్సులోని చిన్న కమతాల రైతుల గురించి మార్క్స్ 1852లో రాసిన ఒక వాక్యం అందులో వస్తుంది, వాళ్లు తమకు తాము ప్రాతినిధ్యం వహించుకోలేరు, ఇతరులే వహించాలి అని. దాన్ని మీరు మీ తెలుగులో, 'ప్రాతినిధ్యం' అన్న మాట వాడకుండా రాసుకుని తీసుకురండి. కోర్టు గుమాస్తా గారు పోయినసారి 'వకాల్తా' అన్న మాట వాడారు. దాని మీద గంటన్నర గొడవ జరిగింది, ఇంకా తేలలేదు. అటుకులూ ఆవకాయా మా దగ్గర ఉంటాయి, వెళ్లి వచ్చినవారు కూడా వస్తే సంతోషిస్తాం.